ఎడమ పక్క పచ్చదీపం

“మధ్యలో ఉన్న దీపాన్నే చూడండి అంకుల్. పక్కన ఎక్కడైనా చిన్న చుక్క మెరిస్తే ఈ మీట నొక్కండి. కన్ను మాత్రం కదపకూడదు.”

కొత్తగా చెప్తున్నావా తల్లీ, అనుకున్నాడాయన. గడ్డం కింద ప్లాస్టిక్ చల్లగా ఉంది. నుదుటికి ఓ పట్టీ, కుడికంటికి నల్లటి మూత, ఎదురుగా గోడకు ఆనించి నిలబెట్టినట్టు తెల్లటి పెద్ద గిన్నె, దాని నడిబొడ్డున పసుపుగా ఆవగింజంత దీపం. పరీక్షలు చేసే అమ్మాయి లైట్లు ఆర్పేసింది. మిషన్ లోపల ఏదో చిన్న చక్రం టికటికమంటూ జరుగుతోంది. చేతిలో వైరున్న మీట. బొటనవేలు తనంతట తానే వెళ్ళి దాని మీద కూర్చుంది, అలవాటైన కుర్చీలో ఇంటిపెద్ద కూర్చున్నట్టు. ఆ వేలికి ఒకప్పుడు ఎన్ని మీటలని, దేన్ని నొక్కితే ఏమవుతుందో మనసుకన్నా ముందు వేలికే తెలిసేది. దీపాన్నే చూడు, ఇంకేదీ చూడకు. సగం జీవితం ఈ ఒక్క మాట మీదే గడిచింది. విమానాలు దిగే యుద్ధపు ఓడ వెనక కొసన గాలికి ఎదురు నిలబడి, వచ్చే ఒక్కో విమానాన్నీ మాటలతోనే కిందికి దింపే అధికారి ఒకడుండేవాడు. అందరూ మాస్టారనేవాళ్ళు. మొదటి రోజే కుర్రాళ్ళందరిచేతా ఆయన వల్లె వేయించిన పాఠం అది. ఓడకు ఎడమ అంచున అద్దాల మధ్య నారింజరంగు వెలుగొకటి కనిపిస్తుంది, దానిపేరు బంతి. బంతి మధ్యలో నిలిస్తే నువ్వు సరైన ఎత్తులో ఉన్నట్టు. పైకి పోతే ఎత్తెక్కువ. కిందికి జారితే? “కిందికి జారితే మీ ఇంటికి కబురు పంపాల్సింది నేనే. నాకసలే బద్ధకం. జారకండి,” అనేవాడు మాస్టారు. ఓడను చూడొద్దు, ఓడను చూడాలనిపిస్తుంది, అంత పెద్ద నీటిలో అంత చిన్న ఇనపరేకు చూసి గుండె జారుతుంది, అయినా చూడొద్దు. బంతినే చూడు.

చుక్క. నొక్కాడు. చుక్క. నొక్కాడు. చొక్కా జేబులో కారు తాళాలు బల్ల అంచుకు ఒత్తుకుని ఛాతీలో గుచ్చుకుంటున్నాయి. ఒత్తుకోనీ. అవి అక్కడున్నట్టు తెలుస్తూ ఉండటమే మంచిది. డాక్టరమ్మ ముందే చెప్పేసింది: “ఈ పరీక్ష చూశాకే మీరు బండి నడపొచ్చో లేదో చెప్తాను. బాగా రాకపోతే మాత్రం తాళాలు పక్కన పెట్టేయాల్సిందేనండీ.” అదీ ఆవిడ ఎదుటే. భార్య ఎదుట మగాణ్ణి ఇంతకన్నా చిన్నబుచ్చే మాట వైద్యంలో ఇంకోటి ఉంటుందా? ఆవిడ చేతిసంచి జిప్పు తీసింది, మూసింది. తీసుకొచ్చింది ఆవిడే కదా. పోయిన వారం కూడలి దగ్గర ఎడమ నుంచి స్కూటరొచ్చింది. వచ్చిందని ఆవిడ అంటుంది. ఆయనకు తెలిసిందల్లా ఆవిడ కేక, బ్రేకు మీద తన కాలు, ముందద్దానికి జానెడు దూరంలో నోరు తెరుచుకున్న ఓ ఆడమనిషి మొహం. ఆ మొహం ఎక్కణ్ణించి ఊడిపడిందో ఇప్పటికీ తెలీదు. దోమంత విమానాన్ని ఆకాశంలో అందరికన్నా ముందు పసిగట్టి ‘అదిగో’ అన్న కళ్ళు ఇవి. కాదు, అందరికన్నా కాదు. అందరూ గుడ్లగూబ అనేవాడి తర్వాత. వాడి తర్వాతే ఎప్పుడూ.

చుక్క. ఆగింది. చుక్క. మిషన్‌కూ ఓ నడక ఉంది. ఏ యంత్రానికైనా ఉంటుంది. పట్టుకోవాలి, అంతే. సముద్రానికీ ఉండేది. ఓడ లేచి పడుతూ ఉంటుంది, చూసేవాడికి ఇష్టమొచ్చినట్టు ఊగుతున్నట్టుంటుంది గానీ కాసేపు ఒంటితో వింటే దాని నడక తెలిసిపోతుంది. ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు పడుతుంది, ఇదిగో ఇప్పుడు కాసేపు ఊపిరి బిగపట్టి ఉంటుంది. బొటనవేలు ఆ నడకలో పడింది. చుక్క, ఆగడం, చుక్క, ఆగడం. ఓటమి ఒప్పుకున్న రోజు లేదు. ఏ పరీక్షలోనూ. ఇప్పుడీ గిన్నె ముందా ఒప్పుకునేది? నొక్కు. నొక్కు.

గదిలో లైటు వెలిగింది.

“అంకుల్, ఏం చేస్తున్నారు?”

“నువ్వు చెప్పిందే చేస్తున్నానమ్మా.”

“చుక్క రాకుండానే నొక్కేస్తున్నారు. మిషన్ అప్పుడప్పుడూ ఊరికే ఆగి చూస్తుంది, నొక్కుతారా లేదా అని. మీరు ప్రతిసారీ నొక్కారు. ఇది పోటీ కాదండీ బాబూ.”

“ఓడితే తాళాలు పోతాయి. పోటీ కాకపోతే ఇంకేంటి?”

ఆ అమ్మాయి నవ్వింది. “ఇలా అయితే నాకు మళ్ళీ మొదలెట్టే పని. మీకు మెడనొప్పి. ఇంకెవరికీ ఏమీ రాదు. కనిపిస్తేనే నొక్కండి, సరేనా? కనిపించకపోతే కనిపించలేదు. దానికి సిగ్గేముంది?”

దానికి సిగ్గేముంది. లైటు ఆరిపోయింది. కనిపిస్తేనే నొక్కాలి. మళ్ళీ తెలుపు, మధ్యలో పసుపుదీపం. కుడివైపు చుక్కలు బాగానే పడుతున్నాయి. పైన ఒకటి, కింద ఒకటి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. చక్రం మాత్రం జరుగుతూనే ఉంది, అంటే చుక్క ఎక్కడో మెరుస్తూనే ఉంది. ఎడమవైపంతా తెల్లగా, మెత్తగా, దూది కుక్కినట్టు. మబ్బులో ఇలాగే ఉంటుంది. మబ్బులోకి దూరగానే లోకం చుట్టూ ఎవరో సున్నం వేసేస్తారు. కాళ్ళ కింద వేగం ఉందని కూడా తెలీదు. దానికన్నా ఓడ మీదినుంచి ఎగరడమే నయం, ఏం జరుగుతోందో ఒంటికి తెలుస్తుంది. పొగలాగా ఆవిరి, ఎగరమని సైగ చేసే పసుపుచొక్కావాడి చెయ్యి, సెల్యూట్, ఆ తర్వాత ఒక్క విసురు. వడిసెలలో రాయిని వదిలినట్టు. కడుపు ఓడ మీదే ఉండిపోయేది, మనిషి మాత్రం గాల్లో ఉండేవాడు. మొదటిసారి అలా ఎగిరి వచ్చాక గుడ్లగూబ మెట్ల మీద కూర్చుని ఓ గ్లాసు నీళ్ళు తాగి, “బావా, నా పేగులు ఇంకా వెనకే వస్తున్నాయి. వచ్చాక చెప్తా, భోజనానికి పోదాం,” అన్నాడు. ఆవిడ తమ్ముడు. అందరికీ గుడ్లగూబ, ఆయనకు బావమరిది. చీకట్లో సూదిలో దారం ఎక్కించగలనని పందెం కాసి, గెలిచి, ఆ పేరు తెచ్చుకున్నాడు. సెలవుల్లో వాళ్ళింటికి తీసుకెళ్ళింది వాడే. తలుపు తీసింది వాడి అక్క, చేతులకు సబ్బు నురగతో, “వీడు నిన్ను ఎన్ని తిప్పలు పెట్టాడో గానీ కూర్చో బాబూ” అని. బాబూ! ఆ మాట పట్టుకుని వాడు పెళ్ళయ్యాక కూడా ఏడిపించేవాడు. “అక్కా, నీ బాబుకి కాఫీ కావాలట.” పెళ్ళయిన కొత్తలో ఓడ ఎక్కుతున్న రోజు, వీధి గేటు దగ్గర, వాడు ముందు నడిచిపోయాక ఆవిడ గొంతు తగ్గించి అన్న మాట ఒక్కటే. “వాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండండి. నోరే గానీ భయం ఎక్కువ వాడికి.”

చుక్క. కుడివైపు. నొక్కాడు. కనిపెట్టుకుని ఉండటానికే కదా వాణ్ణి ఎడమ రెక్క పక్కన పెట్టుకున్నది. జంటగా ఎగిరేటప్పుడు వాడి చోటు అదే, కాస్త వెనగ్గా, ఎడమకి. విమానానికి కుడిరెక్క కొసన పచ్చదీపం ఉంటుంది, ఎడమకొసన ఎర్రది. కాబట్టి ఎడమ పక్కన వచ్చేవాడి పచ్చదీపమే నీ వైపుంటుంది. మొహం తిప్పక్కర్లేదు. ఓరకంట ఓ పచ్చటి చుక్క ఉంటే వాడున్నట్టు. ఉన్నాడు. ఉన్నాడు. ఉన్నాడు. గంటలకొద్దీ అదే. ఆ చుక్క అలవాటైపోయి ఓడలో భోజనాల గదిలో కూడా వాడు ఎడమ పక్క కుర్చీలో లేకపోతే అన్నం సహించేది కాదు. వాడు దాన్నీ వదలలేదు. “ఏం బావా, మా అక్కతో తిరిగినా నన్ను ఎడమ పక్కన పెట్టుకునేలా ఉన్నావే.” కారులో ఎడమ సీటు ఆవిడది. ఇన్నేళ్ళూ. సంచి ఒళ్ళో పెట్టుకుని, చెప్పులు విడిచి, కాళ్ళు ముడుచుకుని కూర్చుంటుంది. దూరాలు వెళ్ళేటప్పుడు కమలాపండు వలిచి తొనలు అందిస్తుంది. చెయ్యి చాపుతుంది, తీసుకుంటాడు, మాటలక్కర్లేదు. పోయిన నెల ఓ రోజు కారంతా ఆ వాసనే. ఇంకా ఇవ్వదేం అనుకున్నాడు. కాసేపయ్యాక సిగ్నలు దగ్గర ఊరికే అటు తిరిగితే, ఆవిడ చెయ్యి గాల్లో ఉంది. మోచేతిని రెండో చేత్తో పట్టుకుని ఉంది, నొప్పి పుట్టి. ఎంతసేపటి నుంచి చాపి ఉంచిందో. తొనల నీళ్ళు మణికట్టు దాకా కారాయి. ఆవిడ ఆయన కళ్ళలోకి చూసింది, చెయ్యి వెనక్కి తీసుకుంది, తొన తానే తినేసింది. “పుల్లగా ఉంది లెండి,” అంది.

పుల్లగా లేదు. వాసన చూస్తే తెలీదూ?

చుక్క, అదిగో ఎడమవైపు! నొక్కాడు. చూశావా అమ్మాయీ, ఎడమవైపే, కాస్త కిందికి, స్పష్టంగా. పచ్చగా. మళ్ళీ. నొక్కాడు. ప్రాణం లేచొచ్చింది. పోలేదు, కన్ను పోలేదు. ఎవరన్నారు పోయిందని? మళ్ళీ నొక్కాడు. పచ్చగా, ఆరకుండా, ఓపిగ్గా.

“అంకుల్, మళ్ళీ మొదలెట్టారా?” ఈసారి గొంతులో నవ్వు లేదు. “అక్కడ చుక్కేమీ లేదు.”

“ఉందమ్మా. ఈసారి ఒట్టు. ఎడమ పక్కన, పచ్చగా.”

చక్రం ఆగింది. “పచ్చగానా? ఇందులో పచ్చవి ఉండవండీ. అన్నీ తెల్లవే.”

ఆయన బొటనవేలు మీట మీదే ఉండిపోయింది. ఆ అమ్మాయి వచ్చి మూత మార్చింది, కుడికన్ను తెరిచి ఎడమకంటికి వేసింది. వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. “మంచినీళ్ళు తాగుతారా?” అంది. ఒద్దన్నాడు. మళ్ళీ దీపం. మధ్యలో దీపాన్నే చూడాలి. అన్నీ తెల్లవే. పచ్చవి ఉండవు.

ఆ సాయంత్రం మబ్బు కిందికి దిగిపోయి ఉంది, సముద్రానికీ దానికీ మధ్య చెయ్యి దూర్చడానికి సందు లేనట్టు. తిరిగొస్తున్నారు ఇద్దరూ. గుడ్లగూబ దగ్గరికి జరిగి, శిరస్త్రాణం మీద చెవి దగ్గర అరచేత్తో తట్టి చెయ్యి అడ్డంగా ఊపాడు: రేడియో పోయింది. తర్వాత ముందున్న, ఎత్తూ వేగమూ చూపే గడియారాల వైపు వేలు చూపించి బొటనవేలు కిందికి తిప్పాడు: అవీ పోయాయి. అలాంటప్పుడు చెయ్యాల్సింది ఒకటే, గుడ్డివాణ్ణి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించినట్టు వాణ్ణి మబ్బులోంచి కిందికి తీసుకెళ్ళి ఓడ వెనకాల నిలబెట్టాలి. వాడి కళ్ళకు బంతి కనిపించాక తను పక్కకు తప్పుకోవాలి. అంతసేపూ వాడు చూడాల్సింది బావ రెక్క కొసన ఎర్రదీపాన్ని. అదే వాడికి నేల, అదే ఆకాశం. నన్ను చూస్తూ ఉండు, అని సైగ చేశాడాయన. వాడు రెండు వేళ్ళతో తన కళ్ళు చూపించి, ఆయన వైపు చూపించి, చివర్లో ఆ వేళ్ళతోనే ముక్కు మూసుకుని మొహం వికారంగా పెట్టాడు. ఇంతసేపు నీ మొహం చూడాలా బావా, అని. ఆక్సిజన్ ముసుగు మీద ముక్కు మూసుకోవడం! నవ్వొచ్చింది. నవ్వుతూనే మబ్బులోకి దూరాడు. తెలుపు, బూడిదరంగు, ఇంకా ముదురు బూడిద. ఎత్తు, వేగం, దిక్కు. ఓరకంట పచ్చ. ఎత్తు, వేగం, దిక్కు. పచ్చ. తడి అద్దం మీద చెరిగిన బొట్టులా, కానీ పచ్చగానే. మెల్లగా తిరిగాడు, వాడికి కష్టం కాకుండా, నిండుకడవ మోస్తున్నట్టు. పచ్చ ఉంది. ఉంది కదా? ఉంది. మబ్బు చిరిగింది. కింద నల్లటి నీళ్ళు, ఎదర ఓడ, అంచున నారింజ బంతి. అబ్బా అనుకుని రేడియోలో అరిచాడు: “తెచ్చాను మాస్టారూ. వాణ్ణి తెచ్చాను. ముందు వాణ్ణి దింపండి.”

అవతల కాసేపు గాలి చప్పుడు. తర్వాత మాస్టారి గొంతు, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా, “ఎవర్ని తెచ్చావురా? నువ్వొక్కడివే ఉన్నావు.”

అప్పుడు తిప్పాడు మొహం, పూర్తిగా. ఖాళీ గాలి. రెక్క, ఆ పక్కన గాలి, ఆ పక్కన మబ్బు.

చుక్క. నొక్కాడు. చుక్క. చమురు అయిపోవస్తోంది, దిగక తప్పదు. ఓడ మీద దిగడమంటే ఆగడం కాదు. చక్రాలు తాకగానే ఇంజను మొత్తం తెరిచేయాలి, ఉన్న బలమంతా, ఎందుకంటే తోకకున్న కొక్కెం ఓడ మీద అడ్డంగా కట్టిన తీగను పట్టుకోకపోతే మళ్ళీ ఎగరాలి కదా, లేకపోతే అవతలి అంచునుంచి నీళ్ళలోకే. కొక్కెం పట్టిందని తెలిసేదాకా వెళ్ళిపోతున్నవాడిలాగే దిగాలి. ఆ సాయంత్రం తీగ పట్టుకుంది, విమానం ఆగింది, ఆయన చెయ్యి మాత్రం ఇంజను తగ్గించలేదు. ఎవరో కింద చేతులు ఊపుతున్నారు, తగ్గించు, తగ్గించు. ఇంజను అరుస్తూనే ఉంది. చివరికి ఒకడు నిచ్చెనెక్కి ఆయన వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీశాడు. ఆవిడ చాలా ఏళ్ళ తర్వాత, ఏదో కోపంలో, కూతురి బడి ఫంక్షన్ మధ్యలోంచి ఆయన లేచి వచ్చేసినప్పుడు అంది, “మీరు ఇంటికొచ్చినా ఇంజను ఆపరు.” ఆవిడకు ఆ సాయంత్రం సంగతి తెలీదు. ఎవరూ చెప్పలేదు. తెలీకుండానే అంది.

వెతికారు. పడవలు, హెలికాప్టర్లు, మర్నాడూ ఆ మర్నాడూ. విచారణలో ఎవరి తప్పూ లేదన్నారు. చివరిసారి ఎక్కడ చూశారు అని అడిగితే, మబ్బులోంచి బయటపడేదాకా చూస్తూనే ఉన్నానన్నాడు. నిజమే చెప్పాడు. అదే నిజం. వాడి రబ్బరు చెప్పుల జత పట్టుకుని ఇంటికొచ్చాడు, ఒకదానికి పట్టీ తెగితే వాడు విమానం తీగతో కుట్టుకున్నది. ఆవిడ తలుపు తీసింది, చేతులు పొడిగా ఉన్నాయి, చెప్పులు తీసుకుని గుండెకు ఆనించుకుని ఒక్కటే అడిగింది. “ఒంటరిగా లేడు కదా?” “లేడు,” అన్నాడాయన. “చివరిదాకా నా పక్కనే ఉన్నాడు.” ఆ ఒక్క మాట మీద ఆవిడ ఇన్నేళ్ళు నిద్రపోయింది. మళ్ళీ ఒక్కసారి కూడా అడగలేదు. అందులో ఇంకేదన్నా ఉంటుందేమోనని తిప్పి చూడలేదు. ఆ మాటను ఇచ్చినది ఇచ్చినట్టే దాచుకుంది.

“అయిపోయింది అంకుల్. గడ్డం తీయొచ్చు.”

బయట హాల్లో వరసగా కుర్చీలు, మూలన నీళ్ళ మిషను, గోడ మీద పెద్ద అక్షరాలు చిన్నవవుతూ కిందికి దిగే బోర్డు. ఆయన వచ్చి ఓ కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ ఎప్పట్లాగే ఎడమ పక్కన కూర్చోబోయి, ఆగి, చుట్టూ తిరిగి వచ్చి కుడి పక్కన కూర్చుంది.

డాక్టరమ్మ లోపలికి పిలిచి రెండు కాగితాలు బల్ల మీద పరిచింది. రెండు గుండ్రాలు, రెండింటికీ కుడి సగం తెలుపు, ఎడమ సగం నలుపు. అర్ధచంద్రుళ్ళలా ఉన్నాయి. “రెండు కళ్ళలోనూ ఒకే పక్క పోయింది. అంటే తప్పు కళ్ళది కాదండీ. తల వెనకవైపు, చూపును తెలుసుకునే చోట ఎక్కడో సన్నటి రక్తనాళం మూసుకుపోయి ఉంటుంది, మీకు తెలీకుండానే. రేపు తలకు స్కాన్ తీయిద్దాం, మందులు మొదలుపెడదాం. ఇంకోసారి రాకుండా చూసుకోవాలి ముఖ్యంగా. కానీ బండి మాత్రం…” అని ఆగింది. చెప్పక్కర్లేదన్నట్టు ఆయన తలూపాడు. “దేనికైనా ఎడమవైపు చూడాలంటే ఓరకంట చూస్తే కుదరదు. తల పూర్తిగా తిప్పాలి. అలవాటు చేసుకోండి.”

“పచ్చదీపం కనిపించింది,” అన్నాడాయన. పక్కన కూర్చున్న భార్య తల ఎత్తింది.

“అమ్మాయి చెప్పింది. దానికి కంగారుపడకండి. చూపు పోయిన చోటును మెదడు ఖాళీగా ఉంచదు. అక్కడ ఏముండాలో దాన్నే గీసుకుంటుంది,” అంది డాక్టరమ్మ.

“జబ్బు చేసినవాళ్ళకేనా?”

“బాగున్నవాళ్ళకీ అంతేనండీ. మనందరికీ ప్రతి కంట్లోనూ ఏమీ కనిపించని చోటు చిన్నది ఒకటుంటుంది. మనకెప్పుడూ తెలీదు. చుట్టూ ఉన్నదాన్ని బట్టి మెదడే పూడ్చేస్తుంది.”

“కుర్రవాళ్ళకి కూడానా?”

“అందరికీ అంటున్నాను కదా,” అని నవ్వబోయి, ఆయన మొహం చూసి డాక్టరమ్మ నవ్వలేదు.

అందరికీ. ఉక్కులాంటి కళ్ళున్నవాడికీ. ఎత్తు, వేగం, దిక్కు, పచ్చ. ఎన్నోసారి అది దీపం? ఎన్నోసారి నుంచి అలవాటు? మబ్బులోకి దూరగానేనా, తిరిగేటప్పుడా, ముక్కు మూసుకుని ఏడిపించిన మరుక్షణమా? వాడికి ఎర్రదీపం కనిపించకుండా పోయినప్పుడు, పైనేదో కిందేదో తెలీక, అరవడానికి రేడియో లేక, ఆ బూడిదలో వాడు ఒక్కడే ఉన్నప్పుడు, ఇక్కడ బావ ఓరకంట వాణ్ణి చూస్తూనే ఉన్నాడు. హాయిగా. మెట్లు దిగుతుంటే ఆవిడ ఆయన ఎడమ మోచెయ్యి పట్టుకుంది. కార్లు నిలిపిన చోట మధ్యాహ్నపు ఎండ రేకుల మీద పడి మెరుస్తోంది. డాక్టరమ్మ చివర్లో కళ్ళలో వేసిన చుక్కల మందుకి ఆ వెలుగు భరించలేక నీళ్ళు కారాయి. మందుకే.

తాళాలు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. “నడిపి ఎన్నేళ్ళైందో. మీరెప్పుడిచ్చారు గనక.”

“నేర్చుకున్నది మర్చిపోరు ఎవరూ.”

“నేర్పినవాడు గుర్తున్నాడు గానీ నేర్పింది గుర్తుందో లేదో.” నేర్పింది వాడే, ఓ సెలవుల్లో, ఈయన ఓడ మీద ఉన్నప్పుడు. ఆ సంగతి ఆయనకు ఉత్తరంలో రాశాడు కూడా, మీ ఆవిడ రెండు గోడలూ ఓ పాలబండీ కొట్టిందని.

ఆయన చుట్టూ తిరిగి వచ్చి ఎడమ తలుపు తీసి కూర్చున్నాడు. ఈ సీటు ఇంత కిందికి ఉంటుందా? కాళ్ళ దగ్గర ఎండిన కమలాతొక్క ముక్కొకటి ఉంది. కుడి పక్కన ఆవిడ, అద్దం సరిచేసుకుంటూ, కళ్ళజోడు తుడుచుకుంటూ. నిండుగా కనిపిస్తోంది. చెవి దగ్గర తెల్లవెంట్రుకలు, చెంప మీద మచ్చ, స్టీరింగు మీద వేళ్ళు. ఎన్నాళ్ళైంది ఈ మనిషిని చూసి.

ఇంజను మొదలుపెట్టబోయి ఆగింది. ఎదురుగానే చూస్తూ అంది, “పచ్చదీపం అన్నారు లోపల.”

“వాడి రెక్క కొసన ఉండేది. నా వైపు.”

“ఇప్పుడు కనిపిస్తోందా?”

“ఆ మిషన్‌లో కనిపించింది.”

“ఆ రోజు?”

అబద్ధం చెప్పడం తేలిక. చెప్పక్కర్లేదు కూడా, తలూపితే చాలు. ఆవిడ వేళ్ళు స్టీరింగు మీద బిగుసుకుని ఉన్నాయి, తెల్లగా. “ఆ రోజూ కనిపించింది,” అన్నాడాయన. “చివరిదాకా. అప్పుడు వాడు ఉన్నాడో లేడో మాత్రం… నాకు తెలీదు. ఇందాకటిదాకా తెలుసనుకున్నాను.”

పక్క కారు వెళ్ళిపోయింది, ఆ చోట్లోకి ఇంకో కారు వచ్చి ఆగింది. ఎవరో పిల్లను ఎత్తుకుని దిగి వెళ్ళారు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది, ఒకసారి, గట్టిగా, అంట్లు తోమినట్టు. తర్వాత తాళం తిప్పింది. బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది.

“ఏమన్నా అంటే దిగిపోతాను,” అంది.

“నేనేమీ అనలేదు.”

“వాడైతే అనేవాడు.”

రెండోసారికి కదిలింది. వెనక్కి, ముందుకి, మళ్ళీ కాస్త వెనక్కి, కార్ల మధ్యలోంచి మెల్లగా, నిండుకడవ మోస్తున్నట్టు. గేటు దగ్గర ఆపింది. బయట రోడ్డు మీద అప్పుడో బండి అప్పుడో బండి జోరుగా పోతోంది. ఎడమ పక్కన ప్రహరీగోడ అడ్డు, ఆవిడకు అటు కనిపించడం లేదు. మెడ చాపి చూసింది. లాభం లేదు.

“ఏమండీ, మీ వైపు చూసి చెప్పండి. ఎడమ పక్కన ఎవరైనా ఉన్నారా?”

ఓరకంట ఉంది. ఉండాల్సిన చోటే, కాస్త వెనగ్గా, కాస్త కిందికి, ఆరకుండా, ఓపిగ్గా, పచ్చగా. ఆయన ఊపిరి బిగపట్టాడు. మెడ పట్టేసింది. అయినా తిప్పాడు, భుజంతో సహా, నడుంతో సహా, అద్దానికి ముక్కు తగిలేదాకా. ఎండ. గోడ నీడ. ఖాళీ రోడ్డు.

“ఎవరూ లేరు,” అన్నాడు. మళ్ళీ చెప్పాడు. “ఎవరూ లేరు. పద.”